టర్బో ఎల్ఎస్ ఇంజనుకు ఫ్యూయల్ లైను: పాత 3/8 చాలుతుందా, ఏఎన్-8 వేయాలా?

అడిగినది ఇదీ: టెక్సాస్‌లో 1972 షెవర్లే నోవా. అందులో 5.3 లీటర్ల ఎల్ఎస్ ఇంజను (జనరల్ మోటార్స్ వీ8), ఒక టర్బో, 14 పీఎస్ఐ బూస్ట్ (టర్బో అదనంగా నెట్టే గాలి పీడనం), ఇ85 ఇంధనం (ఇథనాల్ ఎక్కువగా కలిపిన పెట్రోలు). చక్రాల దగ్గర 600 హార్స్‌పవర్ కావాలి. కారు అడుగున పాత 3/8 అంగుళం స్టీలు లైను ఉంది. దాన్నే వాడుకోవచ్చా, ఏఎన్-8 (ఏఎన్ అంటే హోసు సైజు, అంకె పెరిగితే లావు) వేయాలా, కొందరు చెప్పినట్టు ఏఎన్-10కి పోవాలా? రిటర్న్ లైను, అంటే మిగిలిన ఇంధనాన్ని ట్యాంకుకు తిప్పి పంపేది, ఎంతుండాలి? గంటకు 450 లీటర్ల పంపు ఒక్కటి చాలుతుందా?

ముందు జవాబు చెప్పేస్తాను. పంపు ట్యాంకు లోపలే పెట్టండి. ఫీడ్‌కు (ట్యాంకు నుంచి ఇంజనుకు పోయే లైను) ఏఎన్-8 పీటీఎఫ్ఈ (టెఫ్లాన్ లోపొర) హోసు, రిటర్న్‌కు ఏఎన్-6 వేయండి. ఇంధన పీడనాన్ని నిలిపే రెగ్యులేటరు, ఇంజెక్టర్లకు ఇంధనం పంచే గొట్టాలైన ఫ్యూయల్ రైళ్ల తర్వాత రావాలి. ఏఎన్-10 మీకు అక్కర్లేదు. 450 పంపు ఒక్కటే అయితే చాలదు. ఎందుకో లెక్కతో చూపిస్తాను. లెక్క తెలిస్తే రేపు బూస్ట్ పెంచినా, ఇంజను మార్చినా మళ్లీ ఎవరినీ అడగాల్సిన పని ఉండదు.

"ఏఎన్-6 అయితే 500 హార్స్‌పవర్, ఏఎన్-8 అయితే 800" అని తిరిగే పట్టికలను నమ్ముకోకండి. ఏ ఇంధనం, ఎంత పీడనం, లైను పొడవెంత, రెగ్యులేటరు ఎక్కడుంది అనేవేవీ వాటిలో ఉండవు. లైనుకు హార్స్‌పవర్ తెలియదు. గంటకు తనలోంచి ఎన్ని లీటర్లు పోతున్నాయన్నదే దానికి లెక్క.

చక్రాల దగ్గర 600 అంటే గేర్‌బాక్సులో, వెనక యాక్సిల్‌లో సుమారు 15 శాతం పోతుంది కాబట్టి ఫ్లైవీల్ దగ్గర 700 హార్స్‌పవర్ అనుకోవాలి. టర్బో ఇంజను పెట్రోలు మీద ఒక్కో హార్స్‌పవర్‌కు గంటకు సుమారు 270 గ్రాములు తాగుతుంది. ఇ85 మీద 385 గ్రాముల దాకా పోతుంది, ఎందుకంటే ఇథనాల్‌లో శక్తి తక్కువ. 700 ను 385 తో గుణిస్తే గంటకు 270 కిలోలు. ఇ85 సాంద్రత లీటరుకు 0.78 కిలో కాబట్టి గంటకు 345 లీటర్లు. ఇదే ఇంజను పెట్రోలు మీద అయితే సుమారు 255 లీటర్లతో సరిపోయేది. ఈ 345 ఇంజను తాగేది మాత్రమే. వేడి, పాతబడిన పంపు, కొంచెం మురికి పట్టిన ఫిల్టరు వీటన్నిటికీ 20 శాతం కలిపి 415 లీటర్లు అనుకోండి. ఇంజెక్టర్లకూ ఇదే లెక్క: 345 ను 8 తో భాగిస్తే ఒక్కోదానికి నిమిషానికి 720 సీసీ. ఇంజెక్టరు తెరిచి ఉండే సమయం (డ్యూటీ) 85 శాతం దాటకూడదంటే మీ పీడనం దగ్గర కనీసం 850 సీసీ ఇంజెక్టరు కావాలి.

ఇప్పుడు పంపు. మీ బేస్ ప్రెషర్, అంటే బూస్ట్ లేనప్పుడు రైల్‌లో ఉండేది, 58 పీఎస్ఐ అనుకుందాం. బూస్ట్‌తో పాటు ఒకటికి ఒకటిగా పెరిగే రెగ్యులేటరు పెడితే 14 బూస్ట్ దగ్గర రైల్‌లో 72 పీఎస్ఐ ఉండాలి. లైను, ఫిల్టరు, ఫిట్టింగులు తినేది కూడా కలిపితే పంపు మూతి దగ్గర 75 నుంచి 80. "450" అనే అంకె సాధారణంగా 40 పీఎస్ఐ దగ్గర కొలిచింది. పీడనం దాదాపు రెట్టింపయ్యేసరికి అదే పంపు ఇచ్చేది బాగా పడిపోతుంది. కొనేముందు 13.5 వోల్టుల దగ్గర 80 పీఎస్ఐకి ఎన్ని లీటర్లో తయారీదారు ఇచ్చిన గ్రాఫ్‌లో చూడండి. 415 కనిపించకపోతే ఆ పంపు మీకు చాలదు. 525 తరగతి పంపు ఒకటి గానీ, రెండు చిన్న పంపులు పెట్టి రెండోదాన్ని బూస్ట్ 5 పీఎస్ఐ దాటాక ఈసీయూతో (ఇంజను కంప్యూటరు) ఆన్ చేయడం గానీ దారి. నేనైతే రెండు పంపుల వైపే మొగ్గుతాను. మామూలుగా తిరిగేటప్పుడు ఒక్కటే నడుస్తుంది కాబట్టి ఇంధనం అనవసరంగా వేడెక్కదు.

లైను సైజుల దగ్గర చాలామంది తడబడేది ఒకచోటే. ఏఎన్ అంకె అంటే గట్టి ట్యూబు బయటి వ్యాసం, అంగుళంలో పదహారో వంతుల్లో. ఏఎన్-6 అంటే 6/16, అంటే 3/8 అంగుళం. ఏఎన్-8 అంటే అరంగుళం, ఏఎన్-10 అంటే 5/8. ఇంధనం పోయేది మాత్రం లోపలి వ్యాసంలో. 0.035 అంగుళం మందం ఉన్న 3/8 స్టీలు ట్యూబు లోపల మిగిలేది 7.75 మి.మీ. పీటీఎఫ్ఈ హోసు ఏఎన్-6 లోపల 7.9 మి.మీ., ఏఎన్-8 లోపల 10.3, ఏఎన్-10 లోపల 12.7. రబ్బరు లోపొరతో వచ్చే స్టీలు అల్లిక హోసులు దీనికంటే కాస్త వెడల్పు: ఏఎన్-6 సుమారు 8.7, ఏఎన్-8 సుమారు 11. అంటే పీటీఎఫ్ఈకి మారినప్పుడు పేరు అదే ఉన్నా రంధ్రం చిన్నదవుతుంది.

గంటకు 420 లీటర్ల ఇ85 ను 5 మీటర్ల లైనులో పంపితే, వంపులు లేని నునుపైన గొట్టం అనుకుని లెక్కకడితే, ఏఎన్-6 పీటీఎఫ్ఈలో పీడనం 6 పీఎస్ఐకి కొంచెం తక్కువ పడుతుంది. మీ పాత 3/8 స్టీలులో 6 కంటే కొంచెం ఎక్కువ. ఏఎన్-8 లో 1.6. ఏఎన్-10 లో 0.6. వ్యాసం పెరిగితే నష్టం దాదాపు అయిదో ఘాతంలో తగ్గుతుంది, అందుకే ఆరు నుంచి ఎనిమిదికి వెళ్లినప్పుడు అంత తేడా. ఎనిమిది నుంచి పదికి వెళ్తే దక్కేది ఒక్క పీఎస్ఐ. దానికోసం ఖరీదైన, బరువైన, వంగని హోసును గేర్‌బాక్సు మీది ఇరుకైన సొరంగంలోంచి లాగడం దండగ. రెండు పంపులూ కలిసి 650 లీటర్లు నెట్టినప్పుడు ఏఎన్-6 లో నష్టం 12 పీఎస్ఐకి చేరుతుంది, ఏఎన్-8 లో మూడున్నర దగ్గర ఆగుతుంది. ఏఎన్-8 వేయమనడానికి నా అసలు కారణం ఇదే.

ఈ నష్టం ఎవరి నెత్తిన పడుతుందన్నది రెగ్యులేటరు ఉన్న చోటును బట్టి మారుతుంది. రెగ్యులేటరు రైళ్ల తర్వాత ఉంటే లైనులో పోయే 6 పీఎస్ఐ రైల్ పీడనాన్ని తగ్గించదు. పంపు ఆ మేరకు ఎక్కువ నెడుతుంది, ఆ మేరకు తక్కువ లీటర్లు ఇస్తుంది. పంపులో మిగులు ఉన్నంతవరకు ఇంజనుకు ఏమీ తెలియదు. మిగులు అయిపోయిన క్షణం నుంచి రైల్ పీడనం జారుతుంది. అదే రెగ్యులేటరు ట్యాంకు దగ్గరే ఉండి ముందుకు ఒకే లైను వస్తే, లైను నష్టం మొత్తం రైల్ దగ్గరే కనిపిస్తుంది. ఎల్ఎస్ మార్పిడుల్లో బాగా వాడే కార్వెట్ ఫిల్టరు-రెగ్యులేటరు అలాంటిదే. 58 పీఎస్ఐ దగ్గర స్థిరంగా ఉంటుంది, బూస్ట్‌తో పెరగదు. టర్బో లేని ఇంజనుకు అది చక్కగా సరిపోతుంది. మీ కారులో పెట్టకండి. బూస్ట్ 14 వచ్చినప్పుడు ఇంజెక్టరుకు అటూఇటూ మిగిలే తేడా 44 పీఎస్ఐ మాత్రమే. ఇంజెక్టరు ప్రవాహం ఆ తేడాకు వర్గమూలంలో ఉంటుంది కాబట్టి సుమారు 13 శాతం ఇంధనం తగ్గినట్టు. నిండు బూస్ట్‌లో 13 శాతం లీన్ (గాలికి తగినంత ఇంధనం లేకపోవడం) అంటే పిస్టన్లు పోతాయి.

హోసు లావుగా ఉన్నా మధ్యలో ఒక ఇరుకు మూతి ఉంటే లాభం సగం పోతుంది. ట్యాంకు మూత మీది బల్క్‌హెడ్ (లైనును మూతలోంచి బయటికి తెచ్చే ఫిట్టింగు), ఎల్ఎస్ రైల్‌కు తగిలించే క్విక్ కనెక్ట్ అడాప్టరు, ఫిల్టరు మూతులు, చెక్ వాల్వు, వీటి లోపలి రంధ్రాన్ని కాలిపర్‌తో కొలవండి. పేరుకు ఏఎన్-8 అయినా లోపల 7 మి.మీ. డ్రిల్ చేసి వదిలేసిన చవక ఫిట్టింగులు దొరుకుతాయి. దిమ్మలో రెండు రంధ్రాలు లంబంగా కలిసేలా చేసిన 90 డిగ్రీల ఫిట్టింగు కన్నా, ట్యూబును గుండ్రంగా వంచి చేసిన హోస్ ఎండ్ నయం. ఏఎన్-6 లో అలాంటి పదునైన మలుపు ఒక్కోటి అర పీఎస్ఐ దాకా తింటుంది, ఆరు పెడితే మూడు. ఏఎన్-8 లో వేగం తక్కువ కాబట్టి నష్టం మూడో వంతు. ఇంధనంలో ఇథనాల్ శాతం కొలిచే ఫ్లెక్స్ ఫ్యూయల్ సెన్సరును ఫీడ్‌లో కాకుండా రిటర్న్‌లో పెట్టండి. దాని మూతులు 3/8వే. అమెరికా బంకుల్లో ఇ85 పేరుతో అమ్మేదాంట్లో ఇథనాల్ కాలాన్నిబట్టి 51 నుంచి 83 శాతం దాకా మారుతుంది, సెన్సరు మానేయకండి.

పంపు పీల్చే వైపు అన్నిటికన్నా సున్నితం. నెట్టే వైపు 6 పీఎస్ఐ పోయినా పంపు తట్టుకుంటుంది, పీల్చే వైపు ఒక్క పీఎస్ఐ పోయినా ఇంధనం మరిగిపోవచ్చు. వేసవి పెట్రోలు 38 డిగ్రీల దగ్గర 8 నుంచి 9 పీఎస్ఐ ఆవిరి పీడనం చూపిస్తుంది. వాతావరణ పీడనం 14.7. చల్లని ఇంధనానికి ఆ తేడా చాలు. టెక్సాస్ ఎండలో గంటసేపు తిరిగాక ట్యాంకులో ఇంధనం 50 డిగ్రీలు దాటితే ఆ తేడా ఒకటి రెండు పీఎస్ఐలకు కుంచించుకుపోతుంది. అప్పుడు పంపు మూతిలో బుడగలు పుడతాయి, గరగర శబ్దం వస్తుంది, పీడనం ఊగుతుంది, పంపు లోపలి భాగాలు అరిగిపోతాయి. ఉదయం బాగా నడిచిన కారు మధ్యాహ్నం మొండికేస్తుంది. అందుకే పంపు ట్యాంకులో, ఇంధనంలో మునిగి ఉండాలన్నాను. బయట పెట్టక తప్పకపోతే ట్యాంకు అడుగు కంటే కిందికి, దగ్గరగా పెట్టి, పీల్చే వైపు ఏఎన్-10 వేయండి. మొత్తం కారులో ఏఎన్-10 కి చోటు అదొక్కటే. పంపు ముందు 100 మైక్రాన్ల స్టెయిన్‌లెస్ జల్లెడ, పంపు తర్వాత 10 మైక్రాన్లది. ఈ రెండూ తారుమారు చేసి 10 మైక్రాన్లది ముందు పెడితే పంపు ఆకలితో చస్తుంది. 10 మైక్రాన్లది కాగితం కాకుండా మైక్రోగ్లాస్ ఉండాలి, ఇథనాల్‌కు కాగితం ఆగదు.

ట్యాంకు గాలి గొట్టాన్ని మరచిపోతారు. నిమిషానికి 6 లీటర్లు బయటికి లాగుతుంటే అంత గాలి లోపలికి రావాలి. ఏఎన్-8 వెంట్, కారు తిరగబడితే మూసుకునే వాల్వుతో.

రిటర్న్ విషయంలో జనం లెక్క తలకిందులుగా వేస్తారు. నిండు థ్రాటిల్‌లో రిటర్న్‌లో పోయేది చాలా తక్కువ. ఇంజను నిదానంగా తిరిగేటప్పుడే పంపు ఇచ్చినదంతా వెనక్కి పోవాలి. రిటర్న్ ఇరుకైతే ఆ ఎదురు ఒత్తిడి కంటే కిందికి రెగ్యులేటరు పీడనాన్ని దించలేదు. పాత 5/16 స్టీలు రిటర్న్ లోపల 6.2 మి.మీ. ఉంటుంది. 420 లీటర్లు పోతే సుమారు 18 పీఎస్ఐ ఎదురు ఒత్తిడి. 58 దగ్గర నడిచే ఇంజెక్షన్‌కు అది కూడా చెల్లుతుంది. ఏఎన్-6 లో అయితే 6 మాత్రమే, నిశ్చింత. కార్బ్యురేటరుకు 7 పీఎస్ఐ పెట్టాలనుకునేవారికి మాత్రం ఈ 18 చావుదెబ్బ, అక్కడ రిటర్న్ ఫీడ్ కంటే చిన్నది కాకూడదు. పరీక్ష తేలిక: ఇంజను ఆపి, పంపులు నడిపి, రెగ్యులేటరు స్క్రూ పూర్తిగా వదులు చేయండి. గేజ్‌లో మిగిలిన పీడనమే మీ రిటర్న్ ఎదురు ఒత్తిడి.

మీ పాత 3/8 స్టీలు లైనును ఫీడ్‌గా వద్దన్నాను, రిటర్న్‌గా వాడుకోవచ్చు. ఒక షరతు: లోపల తుప్పు ఉండకూడదు. ఇ85 లో చేరే నీటితో మామూలు స్టీలు తుప్పు పడుతుంది, ఆ పొడి నేరుగా ట్యాంకులోకి, అక్కడినుంచి పంపు జల్లెడకు చేరుతుంది. ఒక చివర తెల్లగుడ్డ కట్టి గాలి కొట్టండి, ఎర్రగా వస్తే లైను పారేయండి.

హోసుల్లో ఇ85 కి పీటీఎఫ్ఈ తప్ప వేరే ఆలోచన పెట్టుకోకండి, అదీ లోపొరలో కార్బన్ కలిపిన కండక్టివ్ రకం. తెల్లటి మామూలు పీటీఎఫ్ఈలో ఇంధనం పరుగెత్తుతుంటే స్థిర విద్యుత్తు పోగై సూదిమొన రంధ్రాలు పడతాయి. రబ్బరు హోసు ఫిట్టింగు పీటీఎఫ్ఈకి పట్టదు, పీటీఎఫ్ఈ ఫిట్టింగులో విడిగా ఇత్తడి ఉంగరం ఉంటుంది. దాన్ని అల్లికకూ లోపొరకూ మధ్య దూర్చేటప్పుడు ఒక్క స్టీలు పోగు లోపలికి పోయినా ఆ హోసు కారుతుంది. కోసే చోట టేపు గట్టిగా చుట్టి కోయండి, బిగించే ముందు కోసిన పొడి గాలితో ఊదేయండి. ఏఎన్ మూతి 37 డిగ్రీలది, ఆటో షాపుల్లో దొరికే ఇత్తడి ఫ్లేర్ 45 డిగ్రీలది. మరలు కలిసినట్టే అనిపిస్తుంది, ఒత్తిడికి కారుతుంది. 37 డిగ్రీల మూతికి టెఫ్లాన్ టేపు చుట్టకండి. చేత్తో బిగించి, పానాతో నట్టు ఒక ముఖం మేర తిప్పితే చాలు. ట్యాంకు లోపల మునిగి ఉండే చిన్న రబ్బరు ముక్క ఎస్ఏఈ జె30ఆర్10 అని రాసి ఉన్నదే కావాలి. మామూలు ఇంజెక్షన్ హోసు జె30ఆర్9 లోపలి వైపు ఇంధనాన్ని ఓర్చుకుంటుంది, బయటి పొర మునిగితే కొన్నాళ్లకు పగిలిపోతుంది. "పంపు కొత్తదే, పీడనం రావట్లేదు" అన్న ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఆ ముక్కే.

లైనును టర్బో, ఎగ్జాస్ట్ ఉన్న వైపు కాకుండా రెండో వైపు నుంచి తీసుకురండి. ఏఎన్-8 పీటీఎఫ్ఈని 13 సెంటీమీటర్ల వ్యాసార్ధం కంటే గట్టిగా వంచకండి, లోపొర ఒకసారి మడతపడితే మళ్లీ తెరుచుకోదు. 40 సెంటీమీటర్లకు ఒక రబ్బరు మెత్త ఉన్న క్లిప్పు. డ్రాగ్ స్ట్రిప్‌కు తీసుకెళ్తారు కాబట్టి ఎన్‌హెచ్ఆర్ఏ (అమెరికా డ్రాగ్ రేసింగ్ సంస్థ) నియమం గుర్తుంచుకోండి: ఫ్లైవీల్, బెల్‌హౌసింగ్ (ఇంజనుకూ గేర్‌బాక్సుకూ మధ్య డొప్ప) పక్కనుంచి పోయే లైను స్టీలు అల్లికది కాకపోతే, 1/8 అంగుళం మందం, 16 అంగుళాల పొడవున్న స్టీలు గొట్టంలోంచి పోవాలి. నైలాన్ అల్లిక హోసు కొంటే ఇది మీకు వర్తిస్తుంది.

కార్బ్యురేటరు పెట్టుకున్నవారికి ఒక మాట. 400 హార్స్‌పవర్ ఇచ్చే 350 క్యూబిక్ అంగుళాల స్మాల్ బ్లాక్ షెవర్లే ఇంజనుకు పెట్రోలు గంటకు 125 లీటర్లకు మించదు, 3/8 లైనులో నష్టం అర పీఎస్ఐ చిల్లర. లైను సైజు చాలు. అయినా కారు స్ట్రిప్ మీద దూకగానే తడబడుతుంది. ఒక జీ త్వరణంతో దూకినప్పుడు మూడు మీటర్ల లైనులోని పెట్రోలు తన బరువుతో 3 పీఎస్ఐకి పైగా వెనక్కి లాగుతుంది, ఉన్నదే 7. లైను ఎంత లావు చేసినా ఇది మారదు. వెనక పంపు 14 పీఎస్ఐ ఇచ్చి, ముందు కార్బ్యురేటరు దగ్గర రెగ్యులేటరుతో 7 కి దించాలి.

హైదరాబాద్, విజయవాడల్లో 1.5, 1.6 లీటర్ల కార్లకు చిన్న టర్బో పెట్టుకునేవారు ఇదంతా చదివి ఏఎన్ హోసులు తెప్పించుకోనక్కర్లేదు. 200 హార్స్‌పవర్‌కు పెట్రోలు గంటకు 75 లీటర్లు. కంపెనీ వేసిన 8 మి.మీ. ట్యూబులో నష్టం ఒక పీఎస్ఐ కూడా ఉండదు. డబ్బు పంపుకు, వైరింగుకు పెట్టండి. ఇప్పుడు బంకుల్లో ఇ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) పోస్తున్నారు కాబట్టి పాత కారులోని పాత రబ్బరు హోసులు, ఓరింగులు మాత్రం ఇథనాల్‌కు ఆగే రకంతో మార్చేయండి.

వైరింగు కూడా లైను సైజులో భాగమే అనుకోండి. ఈ పీడనం దగ్గర పంపు ఒక్కోటి 20 ఆంపియర్ల దాకా లాగుతుంది. బ్యాటరీ నుంచి నేరుగా 10 గేజ్ వైరు, రిలే, 30 ఆంపియర్ల ఫ్యూజు, అంతే మందం ఎర్త్, పంపు ఒక్కోదానికి విడివిడిగా. పంపు మూతి దగ్గర 13.5 వోల్టులు రావాల్సింది 12 వస్తే, లైను ఎంత వెడల్పు ఉన్నా లీటర్లు రావు.

అంతా బిగించాక ట్యూనింగుకు ముందు కొలవండి. ఆరుబయట, నిప్పురవ్వకు దూరంగా, అగ్నిమాపక సిలిండరు పక్కన పెట్టుకుని. రిటర్న్ హోసును ట్యాంకు దగ్గర విప్పి, ఎర్త్ చేసిన లోహపు డబ్బాలోకి పెట్టండి. ఛార్జరుతో 13.5 వోల్టులు నిలపండి. రెగ్యులేటరు బూస్ట్ మూతికి చేతిపంపుతో 14 పీఎస్ఐ గాలి ఇవ్వండి, గేజ్ 72 చూపాలి. రెండు పంపులూ ఆన్ చేసి సరిగ్గా అర నిమిషం నడిపి కొలిస్తే మూడున్నర లీటర్లకు తగ్గకూడదు. తగ్గితే ముందు వోల్టేజి, తర్వాత ట్యాంకు లోపలి రబ్బరు ముక్క, ఆపైన ఫిల్టరు, చివర ఫిట్టింగుల రంధ్రాలు చూడండి, ఈ వరసలోనే.

రోడ్డు మీద గేజ్ చూస్తూ నడపడం కాదు. రెగ్యులేటరు మీద ఉండే నూనె నింపిన గేజ్ వేడెక్కితే తప్పు చూపిస్తుంది. రైల్‌లో ఎలక్ట్రానిక్ సెన్సరు పెట్టి ఈసీయూలో రికార్డు చేయండి. రైల్ పీడనంలోంచి మ్యానిఫోల్డ్ పీడనం తీసేస్తే అన్నివేళలా 58 రావాలి. ఆర్‌పీఎం పెరిగేకొద్దీ అది నెమ్మదిగా జారితే పంపు చాలట్లేదు. ఒక్కసారిగా ఊగితే పీల్చే వైపు గాలో ఆవిరో ఉంది. ఐడిల్‌లో 58 దాటి ఉండి థ్రాటిల్ తొక్కగానే 58 కి వస్తే రిటర్న్ ఇరుకు. 55 కంటే కిందికి పోతే ఇంజనును తనంతట తానే ఆపేసేలా ఈసీయూలో కట్ పెట్టుకోండి.